గిటారుకు కట్టిన కళ్లెం

మా ఆశ్రమ పాఠశాలలో గిటారు వాయించే పిల్లవాడు ఒక్కడే. తొమ్మిదో తరగతి. ప్రార్థన కూటాల్లో వాళ్ల మామ వాయిస్తుంటే చూసి నేర్చుకున్నాడు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఆడపిల్లల రేల పాటకు గిటారు తోడు పెడదామని అడిగాడు. సరేనన్నాను. చిక్కు రెండో రోజే బయటపడింది. వేళ్లతో మెల్లగా మీటితే పాటలో గిటారు వినపడదు. తీగలన్నీ కలిపి గట్టిగా కొడితే మా పాత సౌండ్ బాక్స్ పగిలినట్టు అరుస్తుంది. వాల్యూమ్ తిప్పడానికి ఒక పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టాం. వాడు తిప్పేలోపే ఆ దెబ్బ అయిపోయేది.

ఆ పిల్లవాడు చేయలేని పనిని చేసే పరికరం ఒకటుంది. దాన్ని కంప్రెసర్ అంటారు. శబ్దం ఒక హద్దు దాటితే దాన్ని తగ్గిస్తుంది. గట్టి శబ్దం అణిగాక మొత్తం వాల్యూమ్ పెంచుకోవచ్చు కాబట్టి మెల్లని శబ్దం కూడా పైకి వస్తుంది. కొనాలంటే వేలల్లో ఉంది. చదువుకునే రోజుల్లో రేడియోలు విప్పి బిగించిన అలవాటు నాకుంది. మనమే చేద్దాం అన్నాను.

కంప్రెసర్లలో వెలుతురుతో పనిచేసే రకం ఒకటి ఉంది. అమెరికాలో టెలిట్రానిక్స్ అనే సంస్థ 1960లలో తెచ్చిన ఎల్ఏ-2ఏ ఈ రకంలో పేరు పొందింది. దాన్ని రూపొందించినవాడు జిమ్ లారెన్స్ అనే ఇంజనీరు. అందులో శబ్దం వస్తే ఒక చిన్న పలక వెలుగుతుంది. ఆ వెలుగు ఎదురుగా ఉన్న ఎల్‌డీఆర్ మీద పడుతుంది. ఎల్‌డీఆర్ అంటే వెలుతురు పడితే నిరోధం తగ్గే చిన్న బిళ్ల. సాయంత్రం తనంతట తానే వెలిగే వీధి దీపాల్లో చాలాచోట్ల ఉండేది ఇదే. సైన్సు కిట్టులో మాకు మూడు దొరికాయి.

ముందు దాన్ని పిల్లల చేతికే ఇచ్చాను. మల్టీమీటర్ పెట్టి చూశారు. గుప్పిట్లో మూసి పట్టుకుంటే 10 లక్షల ఓములకు దగ్గరగా చూపించింది. కిటికీ దగ్గర పెడితే కొన్ని వేలకు పడిపోయింది. వేలు అడ్డం పెట్టి తీస్తూ అరగంట ఆడుకున్నారు. నేను బోర్డు మీద చెప్పే పాఠం కంటే అది బాగా ఎక్కింది. దాన్ని పగలగొట్టి లోపల చూడాలన్నారు. వద్దన్నాను. అందులో ఉండేది కాడ్మియం సల్ఫైడ్. కాడ్మియం విషం.

మేం చేసినది చిన్న సర్క్యూట్. 9 వోల్టుల బ్యాటరీ, టీఎల్072 అనే ఎనిమిది కాళ్ల చిప్పు, ఒక ఎల్ఈడీ, ఒక ఎల్‌డీఆర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, తిప్పే బిరడాలు రెండు. చిప్పులో రెండు యాంప్లిఫయర్లు ఉంటాయి. మొదటిది గిటారు శబ్దాన్ని పెంచుతుంది. రెండోది ఆ పెరిగిన శబ్దాన్నే తీసుకుని ఎల్ఈడీని వెలిగిస్తుంది. ఎల్ఈడీ ఎంత వెలిగితే ఎల్‌డీఆర్ నిరోధం అంత తగ్గుతుంది. అది తగ్గితే మొదటి యాంప్లిఫయర్ పెంచడం తగ్గిస్తుంది. తన గొంతు తానే విని తగ్గించుకునే మనిషిలాంటిదన్నమాట. రెండు బిరడాల్లో ఒకటి ఎంత అణచాలో చెబుతుంది, రెండోది బయటికి వచ్చే వాల్యూమ్.

ఎల్ఈడీ, ఎల్‌డీఆర్ ఎదురెదురుగా ఉండాలి కదా. వాడేసిన పెన్ను గొట్టం ముక్క కోసి రెండు వైపులా వాటిని దూర్చి, పైన తెల్ల ప్లాస్టర్ చుట్టాను. అంతా ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో పెట్టాను. సాయంత్రం స్టడీ అవర్లో వాయించి చూశాం. తీగ మోగింది. కానీ శబ్దం చిన్నగా, దాని మీద సన్నని గరగరతో వచ్చింది. సోల్డరింగ్ సరిగా లేదనుకుని అన్నీ మళ్లీ అతికించాను. పోలేదు.

డబ్బా పట్టుకుని కూర్చున్నది ఎనిమిదో తరగతి అమ్మాయి. రేల పాట ఎత్తుకునేది ఆ పిల్లే. బోరింగు దగ్గర ఆ పిల్ల గొంతు హాస్టలంతా వినపడుతుంది. క్లాసులో మాత్రం పేరు పిలిస్తే పెదవులు కదిలినట్టు కనిపిస్తుంది, అంతే. ఆ రోజు ఉన్నట్టుండి కోయలో గట్టిగా ఏదో అనబోయింది. నా నోటి నుంచి అలవాటుగా "తెలుగులో చెప్పు" అని వచ్చింది. నాకు కోయ రాక కాదు, నా ఇంటి మాట అదే. శిక్షణలో పట్టిన అలవాటు, ఇరవై ఏళ్లుగా ఉద్యోగంలో ముదిరింది. ఆ పిల్ల ఆగిపోయింది. నేను మళ్లీ సోల్డరింగ్ కడ్డీ పట్టుకున్నాను.

మర్నాడు ఆమె మాట్లాడలేదు. గిటారు మోగుతుంటే నా ముందు డబ్బా మీద రెండు అరచేతులు కప్పింది. గరగర పోయింది. చేతులు తీసింది. వచ్చింది. అప్పుడు పైకి ట్యూబ్‌లైటు వంక చూసింది.

విషయం అదే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు గానీ తెల్ల ప్లాస్టర్ లోంచి ఆ వెలుగు ఎల్‌డీఆర్ మీద పడి శబ్దాన్ని వణికించింది. శబ్దం చిన్నదవడానికీ అదే కారణం. తీగ ఆగితే గరగర కూడా ఆగిపోతోందని నేను గమనించి ఉండాల్సింది. కరెంటు హమ్మింగ్ అయితే తీగ మోగకపోయినా వినపడేది. నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి రేకు డబ్బాలోకి మార్చాం. పోయింది. ముందు రోజే ఆ పిల్ల మాట పూర్తిగా విని ఉంటే ఒక రోజు మిగిలేది.

తర్వాత పరీక్షలు పెట్టాం. ఒక తీగ మీటి వాచీ పట్టుకున్నాం. మామూలుగా ఆరు సెకన్లు వినపడేది తొమ్మిది దాకా వినపడింది. గట్టిగా కొడితే సౌండ్ బాక్స్ అరవలేదు. ఎర్ర ఎల్ఈడీ తీసి ఆకుపచ్చది పెట్టి చూశాం. ఈ బిళ్లలకు ఆకుపచ్చ వెలుగు ఎక్కువ తెలుస్తుంది. అందుకే మెల్లగా మీటినా అణచడం మొదలుపెట్టింది. "సార్, నేను ఎలా కొట్టినా ఒకేలా వస్తోంది, నా చెయ్యి నాది కానట్టుంది" అన్నాడు పిల్లవాడు. మొదటి బిరడా బాగా వెనక్కి తిప్పాం. ఇంకో లోపం మిగిలింది. ఎల్‌డీఆర్ వెలుగుకు త్వరగా స్పందిస్తుంది, చీకటికి నెమ్మదిగా తేరుకుంటుంది. గట్టి దెబ్బ తర్వాత వెంటనే మెల్లగా మీటితే ఆ స్వరం కుంగి లేస్తుంది. నిదానం పాటకు అది అందం. వేగం పాటకు అడ్డం.

ఉత్సాహం ఆగక పాడే మైకును కూడా ఇందులోంచే పంపాం. వంటమనిషి పెద్దమ్మ గుమ్మంలో నిలబడి వింది. తన కాలంలో రేల ఎత్తుకున్న మనిషి. పాట అయ్యాక, "గిటారు బాగుంది సారూ. పాట మాత్రం ఒక్కరే పాడినట్టుంది" అంది.

నిజమే. రేలలో ఒకరు ఎత్తుకుంటారు, గుంపు అందుకుంటుంది. ఒంటరి గొంతుకూ గుంపు గొంతుకూ ఉన్న ఎత్తుపల్లమే ఆ పాటకు ప్రాణం. మా డబ్బా రెంటినీ ఒక మట్టానికి తెచ్చింది. మైకు తీసేశాం. ఆగస్టు 9న డబ్బా గిటారుకే ఉంది. తొక్కితే పక్కకు తప్పుకునే స్విచ్ కూడా పెట్టాం. ఎప్పుడు తొక్కాలో పిల్లవాడి ఇష్టం.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. దీనికి నాకు ఐదు వందల లోపే అయింది, మీ బడిలో కూడా చేయించండి. పరికరానికి స్విచ్ పెట్టడం తేలికే. నా నోటికి పెట్టడమే కష్టంగా ఉంది. ఇప్పుడు క్లాసులో ఎవరైనా కోయలో మొదలుపెడితే ముందు చివరిదాకా వింటున్నాను, తెలుగు మాట తర్వాత చెబుతున్నాను. అప్పుడప్పుడు మరిచిపోతాను. అలా మరిచిపోయిన రోజు ఆ అమ్మాయి బల్ల మీద రెండు అరచేతులు బోర్లించి నా వంక చూస్తుంది.