తక్కువ జీతానికి ఎవరు పోతారు?

మొన్న ఆదివారం రాత్రి పదకొండు దాటినంక ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. లా ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. వెనకాల హాస్టల్ టీవీ గదిలో మ్యాచ్ అరుపులు వినిపిస్తున్నాయి. "అన్నా, ఒక్క మాట అడుగుత, తిట్టొద్దు" అన్నాడు.

రెండు చోట్ల ఉద్యోగం వచ్చిందట. ఒకటి పెద్ద కంపెనీలో లీగల్ డిపార్ట్‌మెంట్, నెలకు నలభై ఐదు వేలు. రెండోది ముగ్గురు కుర్ర లాయర్లు కొత్తగా పెట్టిన ఆఫీసు. కార్మికుల కేసులు, భూముల కేసులు పట్టుకుని హైకోర్టులో పేరు తెచ్చుకోవాలని వాళ్ళ పట్టుదల. ఇచ్చేది పద్దెనిమిది వేలు. ఇంట్లో అమ్మ ఒక్కతే, చెల్లెలి పెళ్ళికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. మనసేమో రెండోదాని మీద ఉంది. "ఫుట్‌బాల్ ప్లేయర్లు జీతం తగ్గించుకుని మరీ కసి ఉన్న క్లబ్బుకు పోతరు కదా అన్నా. బెల్లెరిన్ పోలే? నేను పోతే తప్పేంది?"

తప్పని అనలేదు, పొమ్మని కూడా అనలేదు. వారంలో రాస్తానని చెప్పి పెట్టేశాను. పోయిన భాగం చివర ఇస్తానన్న విషయం వచ్చే వారానికి జరుగుతుంది, ఏమనుకోకండి.

ముందు వాడు చెప్పిన బెల్లెరిన్ సంగతే చూద్దాం. హెక్టర్ బెల్లెరిన్ 2021లో ఆర్సెనల్ నుంచి స్పెయిన్‌లోని రియల్ బేటిస్‌కు అరువు ఆటగాడిగా వెళ్ళాడు. ఆ ఒప్పందం కుదరడానికి తన జీతం కోసుకున్నాడు. వాళ్ళ నాన్న బేటిస్ అభిమాని, చిన్నప్పటి నుంచి ఇంట్లో ఆ క్లబ్బు మాటే. ఆ సీజన్‌లోనే, 2022 ఏప్రిల్‌లో, బేటిస్ కోపా దెల్ రే గెలిచింది. అంతకుముందు ఆ కప్పు వాళ్ళ చేతికొచ్చింది 2005లో. ఇది నాకూ ఇష్టమైన కథే. కాకపోతే ఆర్సెనల్‌లో ఏళ్ళ తరబడి ప్రీమియర్ లీగ్ జీతం తీసుకున్నాక వేసిన అడుగు అది. అప్పటికి ఆయన ఇంట్లో తీరని అప్పు ఉండి ఉంటుందని నేననుకోను.

అయితే డబ్బున్నవాళ్ళే తక్కువకు పోతారని తేల్చేస్తే అదీ అబద్ధమే. జేమీ వార్డీని చూడండి. స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న జట్టులో వారానికి 30 పౌండ్లకు ఆడుతూ, పగలు ఫ్యాక్టరీలో వైద్య పరికరాలు తయారు చేసేవాడు. 2012లో లెస్టర్ సిటీ ఆయన్ని ఫ్లీట్‌వుడ్ టౌన్ నుంచి పది లక్షల పౌండ్లకు కొన్నది. రియాద్ మహ్రెజ్ 2014 జనవరిలో ఫ్రాన్స్ రెండో డివిజన్ నుంచి లెస్టర్‌కు వచ్చాడు. అప్పుడు లెస్టర్ కూడా ఇంగ్లండ్ రెండో డివిజన్‌లోనే ఉంది. 2015లో కాంతే వచ్చాడు. 2016 మేలో లెస్టర్ ఇంగ్లండ్ ఛాంపియన్. సీజన్ మొదట్లో పందెం రాయుళ్ళు ఒకటికి ఐదు వేలు ఇస్తామన్న జట్టు!

వీళ్ళలాంటి ఆటగాడు చిన్న క్లబ్బులో దేన్ని చూసి చేరతాడు? మైదానంలో గడిపే నిమిషాలను చూసి. పెద్ద క్లబ్బులో మూడింతలు జీతమిచ్చి బెంచీ మీద కూర్చోబెడితే, రెండేళ్ళకు వాడి పేరు ఎవరికీ గుర్తుండదు, దేశం జట్టులో చోటు పోతుంది. ఫుట్‌బాలర్ పనికాలం చాలా పొట్టిది. ముప్పై ఐదు దాటి ఆడేవాళ్ళు కొద్దిమందే. ఇరవై మూడేళ్ళకు రెండేళ్ళు బెంచీ మీద పోతే, ఆ రెండేళ్ళు ఏ జీతంతోనూ తిరిగి రావు. అందుకే ఈ రోజు కొంత వదులుకుని, రోజూ ఆడించే చోటికి, తన ఆటకు సరిపోయే కోచ్ ఉన్న చోటికి పోతాడు. అక్కడ గెలిస్తే తర్వాతి ఒప్పందం అదే పెద్దదవుతుంది. 2016లో కాంతే చెల్సీకి వెళ్ళాడు, 2018లో మహ్రెజ్ మాంచెస్టర్ సిటీకి. వార్డీని ఆర్సెనల్ పిలిచినా పోలేదు. వెళ్ళినవాళ్ళనూ ద్రోహులనలేం, ఉన్నవాణ్ణీ అమాయకుడనలేం. ముగ్గురికీ తలుపు తెరిచే ఉంది.

హాలండ్ కథ ఇంకా స్పష్టం. 2020 జనవరిలో, పంతొమ్మిదేళ్ళప్పుడు, సాల్జ్‌బర్గ్ నుంచి డార్ట్‌మండ్‌కు వెళ్ళాడు. తొలి మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, 23 నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టాడు. కుర్రాళ్ళను భయపడకుండా ఆడిస్తుందని డార్ట్‌మండ్‌కు పేరు. అదొక్కటే అయితే కథ సగమే. ఆయన ఒప్పందంలో రిలీజ్ క్లాజ్ ఉంది. ఫలానా మొత్తం ఎవరైనా చెల్లిస్తే క్లబ్బు ఆపడానికి లేదు. 2022లో ఆ క్లాజ్ వాడుకునే మాంచెస్టర్ సిటీకి పోయాడు. లోపలికి వెళ్ళేటప్పుడే బయటికొచ్చే దారి రాయించుకున్నాడు.

ఎంబాపె సంగతి మీ అందరికీ తెలుసు. 2024లో పారిస్ వదిలి రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళినప్పుడు జీతం తగ్గించుకున్నాడని పేపర్లన్నీ రాశాయి. కింద చిన్న అక్షరాల్లో సంతకానికి ఇచ్చే భారీ బోనస్ సంగతి కూడా ఉంది, దాన్ని చదివింది తక్కువమంది. మాడ్రిడ్‌ను కొత్తగా ఎదుగుతున్న క్లబ్బు అనడం కూడా కుదరదు. నాకు ఆసక్తి వేరే దాని మీద. జీతం తగ్గినా పర్లేదని వెళ్ళిన అదే మనిషి, పాత క్లబ్బు తనకు బాకీ పడిందంటూ 55 మిలియన్ యూరోల జీతం, బోనస్‌ల కోసం కొట్లాడాడు. తక్కువకు ఒప్పుకోవడం వేరు, ఒప్పుకున్నది ఎగ్గొడితే ఊరుకోవడం వేరు. మన దగ్గర ఈ రెండింటినీ కలిపి 'త్యాగం' అనే ఒకే మాటతో పిలుస్తాం.

మా తాత ఒక దొర దగ్గర జీతం ఉన్నాడు. ఈ మాట పట్నం పిల్లలకు సరిగా అర్థం కాదు. జీతం తీసుకున్నాడని కాదు, జీతం *ఉన్నాడు*. ఉగాదికి కుదిరితే మళ్ళీ ఉగాది దాకా పశువులు, పొలం, రాత్రి కావలి, అన్నీ ఆయనవే. పెళ్ళికో చావుకో తెచ్చిన అప్పు దొర పద్దులో ఉండేది. అది తీరేదాకా ఇంకో ఆసామి ఎక్కువిస్తానన్నా పోరాదు. తాతకు తక్కువ ముట్టిందని మా నాయిన ఎప్పుడూ బాధపడేవాడు. నాకైతే అంకె కంటే ఆ 'పోరాదు' అన్న మాటే గుచ్చుకుంటుంది.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చరిత్ర చదివినప్పుడు ఈ పద్దే గుర్తొచ్చింది. వాళ్ళ కష్టం, మా తాత కష్టం ఒకటేనని అనడం లేదు, అలా అంటే తాతను అవమానించినట్టే. కానీ కట్టేసిన తీరులో పోలిక ఉంది. 1901 నుంచి అక్కడ ఆటగాడి జీతానికి పైపరిమితి, వారానికి 4 పౌండ్లు. 1961 జనవరిలో ఆ పరిమితిని ఎత్తేసే నాటికి 20 పౌండ్లు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళ సంఘం సమ్మెకు సిద్ధమైతేగానీ కదలలేదు. దానికి తోడు, ఒప్పందం అయిపోయినా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు దగ్గరే ఉండేది. పోనివ్వకపోతే వేరే చోట ఆడలేడు. జార్జ్ ఈస్ట్‌హామ్ న్యూకాజిల్ నుంచి పోతానంటే ఆపేశారు. ఆయన ఆట మానేసి కొన్ని నెలలు బిరడాలు అమ్ముకున్నాడు! చివరికి ఆర్సెనల్‌కు పోనిచ్చారు, అయినా కేసు వదల్లేదు. 1963లో కోర్టు ఆ పద్ధతి అన్యాయమని తీర్పిచ్చింది.

తర్వాత బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్. 1990లో లీజ్ క్లబ్బులో ఒప్పందం ముగుస్తుంటే, బోనస్‌లతో కలిపి నెలకు సుమారు 1,20,000 ఫ్రాంకులు తీసుకుంటున్నవాడికి 30,000 ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బు సుమారు లక్ష ఇస్తామంది. ఇక వెళ్ళడమే తరువాయి. కానీ డంకర్క్ తమకు డబ్బు కట్టగలదా అని లీజ్‌కు అనుమానమొచ్చింది. బదిలీ సర్టిఫికెట్ పంపమని ఫెడరేషన్‌ను అడగలేదు. అంతే, ఒక్క కాగితం కదలక ఆ ఉద్యోగం పోయింది. పైగా సస్పెండ్ కూడా చేశారు. బోస్మన్ కోర్టుకెక్కాడు, 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానంలో గెలిచాడు. ఒప్పందం ముగిశాక యూరప్ ఆటగాడు ఫీజు లేకుండా వేరే దేశపు క్లబ్బుకు పోవచ్చని తీర్పు. ఎంబాపె మాడ్రిడ్‌కు ఫీజు లేకుండా నడిచి వెళ్ళింది ఆ దారిలోనే. దారి వేసినవాడికి మాత్రం ఆట మిగల్లేదు, తర్వాత డబ్బుకూ ఇబ్బంది పడ్డాడు.

ఆ సర్టిఫికెట్ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలి.

ఇంటర్ కాలేజీలో పదకొండు వేల జీతం వదిలి, ఆరు వేలకు నేనొక కొత్త పత్రికలో చేరాను. పేరెందుకు, ఇప్పుడది లేదు. మన వార్త మనమే రాయాలన్న ఊపు. ఎడిటర్ మాట్లాడుతుంటే వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. చేరిన రోజు మేనేజర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగాడు, ఇచ్చేశాను. టెన్త్ మెమో నుంచి కుల ధృవీకరణ దాకా. ఐదు నెలలు జీతం వచ్చింది, తర్వాత రాలేదు. అడిగితే "నువ్వూ డబ్బు మనిషివేనా తమ్మీ" అన్నారు. ఇంకో చోట మంచి ఉద్యోగం వచ్చింది, వారంలో ఒరిజినల్స్ చూపించాలి. రేపు రా, ఎల్లుండి రా అన్నారు. వారం దాటింది. బీరువా తాళం ఆయన జేబులో, నా బతుకు ఆ బీరువాలో.

ఇంత జరిగినా, అక్కడ చేరడం పొరపాటని ఇప్పటికీ అనలేను. నా పేరుతో తొలి వ్యాసం అచ్చయింది ఆ పత్రికలోనే. ఈ రాత అబ్బింది అక్కడే. ఆరు వేలకు చేరినందుకు నాకు బాధ లేదు. ఆ తాళంచెవి దగ్గరే కోపం.

మన హైదరాబాద్‌లోనూ రెండు కాలాలు చూశాం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు వెనక పోలీసు శాఖ ఉంది. నెల జీతమూ గెలవాలన్న కసీ ఒకే గేటు లోపల ఉండేవి. ఇక 2022 మార్చి 20న ఫతోర్డాలో పెనాల్టీల మీద కేరళను ఓడించి ఐఎస్ఎల్ కప్ ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ! రెండేళ్ళు తిరక్కుండానే జీతాల బకాయిలు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం, ఒకరి తర్వాత ఒకరు ఆటగాళ్ళు పోవడం. కప్పు నిజమే, ఆకాంక్షా నిజమే, మరి ఒకటో తారీఖు సంగతి?

కాబట్టి తమ్మీ, ఆ ముగ్గురు లాయర్ల దగ్గరికి పోతే ముందు ఈ సంగతులు అడుగు. కోర్టులో నీతో వాదింపిస్తారా, ఫైళ్ళు మోయిస్తారా? మొదటి ఏడాదిలో నీ పేరు మీద ఎన్ని వకాలత్లు పడతాయి? పద్దెనిమిది వేలు ఏ తారీఖున ఇస్తారు, ఎప్పుడు ఎంత పెంచుతారు, అది కాగితం మీద ఉంటుందా? పెద్ద కేసు గెలిచి ఫీజు వస్తే నీ వాటా ఎంత? మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఇవి అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్ళైతే, కార్మికుల కేసులు వాళ్ళెట్లా వాదిస్తారో నాకు తెలియదు. అమ్మతో కూడా కూర్చుని అప్పు లెక్క వెయ్యి, నెలకు వడ్డీ ఎంతో తెలియకుండా సంతకం పెట్టకు. పెద్ద కంపెనీని కూడా ఇవే అడుగు, అక్కడా బాండ్లు రాయించుకుంటారు.

ఇదంతా బుధవారం వాడికి మెసేజ్ పెట్టాను. నిన్న సాయంత్రం జవాబొచ్చింది. "అడిగిన అన్నా. తారీఖు ఐదు అన్నరు, రాసిస్తమన్నరు. వకాలత్ల సంగతి నవ్విండ్రు గని ఒప్పుకున్నరు. ఒరిజినల్స్ మాత్రం జమ చెయ్యాల్నట, మూడు నెలలు."

జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకుంటానని చెప్పమన్నాను. సోమవారం మళ్ళీ పోతున్నాడు.