మన దేశంలోనే పరదేశులం

మూడేళ్ళ క్రితం మా శ్రీమతీ నేనూ సింగపూరు వెళ్ళాం. బయలుదేరే ముందు మాకు జాగ్రత్తలు చెప్పనివారు మా వీధిలో లేరు. పాస్‌పోర్టు ఒకచోట, దాని నకలు మరొకచోట పెట్టుకోమన్నారు. టాక్సీ ఎక్కేముందు మీటరు చూడమన్నారు. తెలియనివాడు నవ్వుతూ పలకరిస్తే చేతిసంచీ గట్టిగా పట్టుకోమన్నారు. అన్నీ తు.చ. తప్పకుండా పాటించాం. వారం రోజులు తిరిగి, ఒక్క జేబురుమాలైనా పోగొట్టుకోకుండా ఇల్లు చేరాం.

పోయిన ఫాల్గుణంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చూసి, వైశాఖంలో జరగబోయే మా అమ్మాయి పెళ్ళికి పట్టుచీర కొనుక్కు వద్దామని బయలుదేరాం. డెబ్బయ్యేళ్ళు దాటిన మా అక్కయ్య కూడా నేనూ వస్తానని సంచీ సర్దుకున్నది. ఈసారి ఎవరూ ఒక్క జాగ్రత్త కూడా చెప్పలేదు. మన రాష్ట్రం, మన భాష, ఇక భయమేమిటి అని మేమూ అనుకున్నాం. ఆ మూడు రోజుల్లో మేము ఆటోకు ఓడాం, ఎండకు ఓడాం, చివరకు చీరకు ఓడాం. మాలాగే ధైర్యంగా బయలుదేరబోయే పాఠకులకు ఉపయోగపడుతుందని ఆ సంగతులు మనవి చేసుకుంటున్నాను.

మా అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం. అక్కడినుంచి హిందూపురం సుమారు 100 కిలోమీటర్లు. పొద్దున్నే రైలు దిగాం. చింతపండుకూ, బెల్లానికీ, పట్టుగూళ్ళకూ పేరుపడ్డ మార్కెట్టు ఊరు అది. పక్కనే కర్ణాటకం. మాటలో తెలుగూ కన్నడమూ పాలూ నీళ్ళలా కలిసిపోయి ఉంటాయి. డబ్బును దుడ్డు అంటారు. "యాడికి పోవల్ల?" అని ఒకాయన అడిగితే, మా శ్రీమతి "ఏం పోయిందండీ?" అని కంగారుపడి సంచీ తడుముకున్నది.

లేపాక్షి అక్కడికి 15 కిలోమీటర్లు. స్టేషను బయట ఒక ఆటో అబ్బాయి ఎదురొచ్చి, "ఈ పూట బస్సుల్లేవు సార్, మధ్యాహ్నం దాకా రావు" అన్నాడు. ఎంత వినయంగా చెప్పాడంటే, కాదనటం మర్యాద కాదనిపించింది. అడిగినంతా ఇచ్చి ఎక్కాం. దారిలో రెండు ఆర్‌టీసీ బస్సులు మమ్మల్ని దాటిపోయాయి. రెండింటికీ లేపాక్షి బోర్డే. అక్కయ్య వాటిని వేళ్ళమీద లెక్కపెట్టింది గాని పైకి ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. బస్సు సంగతి బస్టాండులోనే అడగాలి. ఆటోవాణ్ణి అడగటం మామిడిపళ్ళవాణ్ణి అరటిపళ్ళ ధర అడగటం వంటిది.

లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దపుది. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారు. 27 అడుగుల పొడవున ఏకశిలలో మలిచిన నంది, కప్పుల మీది రంగుల చిత్రాలు, నేలను పూర్తిగా తాకకుండా వేలాడుతున్నట్టుండే స్తంభం, అన్నీ చూసి తీరవలసినవే. మేము చేసిన తప్పు వేళ విషయంలో. చెప్పులు బయట విడిచి, పన్నెండు గంటలకు పైకప్పు లేని కల్యాణ మండపంలో అడుగుపెట్టాం. ఆ మండపం సగంలో ఆగిపోయిన కట్టడం. ఆ రాళ్ళు అట్లకాడ పెడితే అట్టు కాలేటట్టు ఉన్నాయి. శిల్పాలు చూడవలసిన మేము ముగ్గురం వాటికి పోటీగా నాట్యం చేశాం. అక్కయ్య అరికాళ్ళు బొబ్బలెక్కాయి. లేపాక్షికి పొద్దున తొమ్మిదిలోపు గాని, సాయంత్రం నాలుగు తరువాత గాని వెళ్ళండి. సంచీలో ఒక జత మేజోళ్ళు ఉంచుకోండి.

మర్నాడు బస్సులో పెనుకొండ చేరాం. 1565లో తళ్ళికోట యుద్ధం ముగిసి హంపీ పాడుబడిన తరువాత, తిరుమలరాయలు తరలివచ్చి రాజధాని చేసుకున్నది ఇక్కడే. ఆ తరువాత రాజధాని చంద్రగిరికి పోయింది. ఊళ్ళో గగన్ మహల్ ఉన్నది. పక్కపక్కనే రామాలయం, శివాలయం ఉన్నాయి. పార్శ్వనాథుని జైన మందిరం, బాబయ్య దర్గా ఉన్నాయి. ఇన్ని మతాలవారు దణ్ణం పెట్టుకునే ఊళ్ళు అరుదు. ఊరి పొలిమేరలో ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019 నుంచి కార్లు తయారు చేస్తున్నది. ఆ చుట్టుపక్కల కొరియా అక్షరాల బోర్డులు కనబడితే ఆశ్చర్యపోకండి. ఆ కొరియావారికి వచ్చేముందు జాగ్రత్తలన్నీ ఎవరో చెప్పే ఉంటారు. చెప్పేవారు లేనిది మాకే.

కోట ఉన్న కొండ సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. "తిరుపతి కొండ నడిచి ఎక్కినదాన్ని, ఇదెంత!" అన్నది అక్కయ్య. ముగ్గురికీ కలిపి ఒక్క సీసా నీళ్ళు. దారిలో దొరక్కపోతాయా అన్నాను నేను. ఇది ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ అన్న సంగతి చిన్నప్పుడు భూగోళంలో చదువుకున్నాను గాని, ఆ వేళకు గుర్తు రాలేదు. సగం దూరంలో సీసా ఖాళీ అయింది. ఇంకాస్త పైకి వెళ్ళేసరికి అక్కయ్య మాట్లాడటం మానేసింది. వెనక్కి తిరిగి చూస్తే మొహం ఎర్రబడి, చెమట పట్టటం ఆగిపోయి, ఒక బండకు ఆనుకుని నిలబడి ఉన్నది. "రామూ, కళ్ళు తిరుగుతున్నాయిరా" అని కూలబడిపోయింది.

పాఠకులారా, ఆ క్షణంలో నాకు కోటా కనబడలేదు, రాయలూ కనబడలేదు. కొండమీద నుంచి దిగివస్తున్న ఒక కుటుంబం మమ్మల్ని చూసి పరుగున వచ్చింది. వాళ్ళలో ఒకావిడ అక్కయ్యను నీడకు చేర్చి, తలా మెడా తడిగుడ్డతో తుడిచింది. కాస్త తెప్పరిల్లాక ఉప్పు వేసిన మజ్జిగ గుక్కెడు గుక్కెడుగా తాగించింది. "ఈ ఎండకు పెద్దామెను యాల పిల్సుకొచ్చినారన్నా?" అన్నది నాతో. నా దగ్గర జవాబు లేదు. అరగంటకు అక్కయ్య లేచి కూర్చున్నది. అదృష్టం బాగుండి అంతటితో పోయింది. ఎండదెబ్బకు మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా మజ్జిగతో సరిపెట్టుకోకూడదు. 112కి గాని 108కి గాని ఫోను చెయ్యాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, గొడుగు, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లం లేకుండా ఆ కొండ ఎక్కకండి. పది దాటితే అసలే ఎక్కకండి.

కిందికి దిగి చెట్టునీడన కూర్చుంటే, ఒక కుర్రవాడు దగ్గరకు వచ్చి గుప్పిట తెరిచాడు. అందులో పచ్చగా చిలుము పట్టిన రాగి నాణెం. "రాయల కాలం నాటిది సార్, కోటలో తవ్వుతాంటే దొరికింది. మీకైతే రెండు వేలు" అన్నాడు. నా చెయ్యి జేబులోకి పోయింది. అంతదాకా కళ్ళు మూసుకుని ఉన్న అక్కయ్య, "రాయలవారు నీకోసమే దాచిపెట్టి పోయారా?" అన్నది. చెయ్యి వెనక్కి వచ్చింది. ఇటువంటి నాణెం నకిలీదైతే డబ్బు దండుగ. నిజమైనదైతే ఇంకా చిక్కు. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. పురావస్తువులను లైసెన్సు లేకుండా అమ్మటం 1972 చట్టం ప్రకారం నేరం.

మూడో రోజు ధర్మవరం. గుత్తి, పాకాల, బెంగుళూరు దారులు కలిసే రైల్వే జంక్షను. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు పుట్టిన ఊరు. కాని ఆడవారి మనసులో ధర్మవరమంటే పట్టుచీరే. ఇక్కడి చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది.

స్టేషను మెట్లు దిగుతుండగానే తెల్లచొక్కా ఆయన ఒకరు నమస్కారం పెట్టారు. "అంగళ్ళలో కొనొద్దమ్మా, వాళ్ళు మోసం చేస్తారు. నేను నేరుగా మగ్గం కాడికే పిల్సుకుపోతా" అన్నారు. మోసం గురించి హెచ్చరించేవాడు మోసగాడెలా అవుతాడు? వెంట వెళ్ళాం. ఒక ఇంటి ముందుగదిలో నిజంగానే మగ్గం ఉన్నది, దానిమీద ఒకాయన నేస్తున్నాడు. వెనకగదిలో చీరలు. మామిడిపండు రంగుకు ఎర్రంచు చీర ఒకటి మా శ్రీమతి కళ్ళలో పడింది. పమిటకొంగు కుచ్చులోంచి ఒక పోగు తీసి మా ఎదుటే కాల్చి చూపించారు. జుట్టు కాలిన వాసన వచ్చింది, బూడిద పొడి అయింది. అచ్చమైన పట్టు! 18,000 అన్నారు. మా శ్రీమతి గంటసేపు పోరాడి 11,000కు తెచ్చింది. 7,000 గెలిచామన్న సంతోషంలో బిల్లు అడగలేదు. ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినవారిని బిల్లు అడగటం బాగుండదనుకున్నాను.

రైలుకు ఇంకా వేళ ఉన్నదని నేతగాళ్ళ వీధుల్లో నడిచాం. ఒక అరుగుమీద పెద్దావిడ కండెలు చుడుతున్నది. అక్కయ్య మంచినీళ్ళడిగి పక్కన కూర్చున్నది. మాటల్లో చీర చూపించాం. ఆవిడ చీర విప్పి, వెలుతురుకు పట్టి, వేలితో నిమిరి, చాలాసేపు మాట్లాడలేదు. "ఎవరమ్మకు ఇది?" అని మాత్రం అడిగింది. పెళ్ళికూతురికని చెప్పాం. అప్పుడు మెల్లిగా, "ఇది చేత్తో నేసింది గాదు తల్లీ. చేతి నేతలో యాడో ఒకచోట చెయ్యి తెలుస్తాది. ఇది మరమగ్గం" అన్నది.

కాల్చి చూపించారని మా శ్రీమతి వాదించింది. ఆవిడ నవ్వింది. కుచ్చులో ఉండేది పడుగు పోగు, అంటే నిలువు పోగు. అది పట్టే. కొంగు చివరనుంచి పేక పోగు, అంటే అడ్డం పోగు ఒకటి లాగి అగ్గిపుల్ల వెలిగించింది. ఆ పోగు బూడిద కాలేదు. కరిగి గట్టి పూసలా ముడుచుకున్నది. సగం చీర పట్టు, సగం ప్లాస్టిక్కు చుట్టం.

మా శ్రీమతి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. ఆ పెద్దావిడ కళ్ళలోనూ నీళ్ళే. "మీకు పోయింది దుడ్డు. మాకు పోయేది నోటికాడి కూడు. మొగుడూ పెండ్లామూ పది దినాలు గుంట మగ్గంలో కూసుంటే ఒక చీర దిగుతాది. మా ఊరి పేరు చెప్పి ఇట్లాంటివి అమ్మితే, రేపు మా చీరను నమ్మేదెవరు?" అన్నది. కొన్ని రకాల చీరలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో చట్టమైతే వచ్చింది. కాని ఆవిడ మాట విన్నాక, మనం బేరంలో గెలిచామనుకున్న 7,000 ఎవరి కంచంలోనుంచి వచ్చిందో నాకు తెలిసివచ్చింది.

తిరిగి ఆ ఇంటికి వెళ్తే తలుపు తాళం వేసి ఉన్నది. బిల్లు లేదు గనుక ఫిర్యాదుకూ బలం లేదు. బిల్లు ఉంటే వినియోగదారుల సహాయానికి 1915 నంబరున్నది. మరొకటి గుర్తుంచుకోండి. సిల్క్ మార్కు పట్టు అచ్చమైనదని మాత్రమే చెబుతుంది. చేత్తో నేసినదని చెప్పేది హ్యాండ్లూమ్ మార్కు. రెండూ చూడాలి. కాల్చి చూసేట్లయితే పడుగూ పేకా రెండూ, మన చేత్తో లాగినవే కాల్చాలి.

మూడు రోజులూ తలచుకుంటే ఒక సంగతి తోచింది. ఆటో అబ్బాయి, నాణెం కుర్రవాడు, తెల్లచొక్కా ఆయన, ముగ్గురూ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవారే. మేము అడగనిదే కల్పించుకుని వచ్చి మేలు చేసింది మజ్జిగ ఇచ్చిన తల్లి ఒక్కతే. ఆమె మా దగ్గర పైసా తీసుకోలేదు. కొత్త ఊళ్ళో మనుషులందరినీ అనుమానించనక్కరలేదు. పలకరించినవాడి చెయ్యి మన జేబువైపు వస్తున్నదా లేదా చూసుకుంటే చాలు.

ఆ పెద్దావిడ ఇంట్లోనే చీర నేయించుకుందామని మా శ్రీమతి అడ్వాన్సు తీయబోయింది. "వద్దు. ఇప్పుడే ఒకసారి నమ్మి చెడినారు. నేసినాక వచ్చి, చూసి, నచ్చితే కొనండి" అన్నది ఆవిడ.

మూడు వారాలకు వెళ్ళాం. అదే మామిడిపండు రంగు, అదే ఎర్రంచు. చీర ఇంకా మగ్గం మీదే ఉన్నది, చివరి జానెడు మా కళ్ళముందే నేశారు. మా శ్రీమతి జన్మలో మొదటిసారి బేరమాడలేదు. కాని డబ్బు చేతికిస్తూ, కాస్త మొహమాటపడుతూనే, "అవ్వా, బిల్లు కావాలి" అన్నది.

ఆ పెద్దావిడ పళ్ళు లేని నోటితో విరగబడి నవ్వింది. "ఇప్పుడు నేర్సినావు తల్లీ" అని, కొడుకును కేకేసి బిల్లు పుస్తకం తెమ్మన్నది.