ఈత రానివాడి డైవింగ్ వాచీ

పదేళ్లు ఉద్యోగం చేశాక నాకు నేనే ఒక మంచి వాచీ కొనుక్కుందామనుకున్నాను. రోలెక్స్ సబ్‌మెరీనరా, ట్యూడర్ బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిటా? నెల రోజులు ఇదే గొడవ.

రెండూ సముద్రంలో దిగేవాళ్ల కోసం చేసిన స్టీలు వాచీలు. రెండిటి వెనకా ఉన్నది ఒకే మనిషి, హాన్స్ విల్స్‌డార్ఫ్. రోలెక్స్ అంత నమ్మకమైన వాచీని తక్కువ ధరకి ఇవ్వాలని 1946లో ట్యూడర్ కంపెనీ పెట్టాడాయన. రోలెక్స్‌ది 904ఎల్ స్టీలు, ఉప్పునీటి తుప్పుని ఇంకాస్త బాగా తట్టుకుంటుంది. ట్యూడర్‌ది 316ఎల్. అది 300 మీటర్ల లోతుకి, ఇది 200కి. మూవ్‌మెంట్ దగ్గరికొచ్చేసరికి తేడా సన్నబడిపోతుంది. రెండూ చేతి కదలికతోనే కీ ఇచ్చుకుంటాయి. తీసి పక్కన పెడితే సుమారు 70 గంటలు నడుస్తాయి. ధర మాత్రం ట్యూడర్‌ది సగం కూడా ఉండదు.

లెక్క తేలిపోయింది. మనసే తేలలేదు.

నాకు ఈత రాదు. ఆ వంద మీటర్లు నాకెందుకు? నా వాచీ చూసే ఉప్పునీళ్లల్లా నా చెమటే. నిజం చెప్పాలంటే, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చునే బాబాయి రోలెక్స్‌ని గుర్తుపడతాడు, ట్యూడర్‌ని పట్టడు. ఆ ఒక్క చూపుకే మిగతా డబ్బంతా.

అది తెలిశాక సిగ్గేసి ట్యూడరే కొన్నాను.

మొన్నొక పెళ్లిలో బాబాయి అడగనే అడిగాడు, “ఏ కంపెనీ రా?”

చెప్పాను. “ఓహో” అని పప్పన్నం కలుపుకోవడంలో పడ్డాడు.

“రోలెక్స్ వాళ్లదే బాబాయ్!” అనేశాను.