కదిలే ఇల్లు, కరిగే మంచు

ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఆడాయి. అద్దె వ్యాను తాళాలు చేతికొచ్చిన పది నిమిషాల్లోనే అలా మూడుసార్లు జరిగింది. హన్మకొండలో ముప్ఫయ్యేళ్లు రోడ్డుకు ఎడమ పక్కన కారు నడిపిన రిటైర్డ్ బ్యాంకు అధికారికి ఇక్కడ అన్నీ తిరగబడ్డాయి. స్టీరింగు ఎడమకు, బండి కుడికి. పక్క సీట్లో కూర్చున్న భార్యకు ఒకటే డ్యూటీ. కూడలి వచ్చినప్పుడల్లా "కుడి పక్కకండీ, కుడి పక్కకు" అని గుర్తుచేయడం. 2025 ఆగస్టు చివరి వారంలో కెనడాలోని కాల్గరీ నుంచి ఆ ఇద్దరూ రాకీ పర్వతాలకు బయల్దేరిన తీరిది.

వ్యానులోనే మంచం, రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, సింకు, బీరువాలో ఇరికించినట్టుండే టాయిలెట్. 1992లో పెళ్లయిన ఈ దంపతులు తిరుపతికి వెళ్లినా, కాశీకి వెళ్లినా వెంట పదిమంది బంధువులుండాల్సిందే. ఇద్దరే ప్రయాణం కట్టడం ఇదే మొదలు. ఏర్పాట్లన్నీ కాల్గరీలో ఉద్యోగం చేస్తున్న కూతురివి. హన్మకొండ ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చేయమని ఆమె రెండేళ్లుగా అడుగుతోంది. ఈ దేశాన్ని తీరిగ్గా చూస్తే అమ్మానాన్నల మనసు మారుతుందని ఆమె ఆశ. అది వాళ్లకూ తెలుసు. కానీ ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కాల్గరీకి పడమర గంటన్నర దూరంలో బాన్ఫ్ ఉంది. వేడినీటి బుగ్గల చుట్టూ కొంత భూమిని కేటాయించడంతో 1885లో మొదలైన ఇది కెనడాలో తొలి జాతీయ పార్కు. ఇప్పుడు విస్తీర్ణం 6,641 చదరపు కిలోమీటర్లు. దీని మధ్యగా సాగే ప్రధాన రహదారికి రెండు వైపులా ఎత్తయిన కంచె. అక్కడక్కడా రోడ్డు మీదుగా చెట్లు పెరిగిన వంతెనలు కనిపిస్తాయి. అవి మనుషులకు కాదు, ఎలుగుబంట్లకు, దుప్పులకు. రోడ్డు పైన 6 వంతెనలు, కింద 38 సొరంగ దారులు. ఈ ఏర్పాటు వల్ల వాహనాలు జంతువులను ఢీకొనడం 80 శాతానికి పైగా తగ్గింది. అమ్రాబాద్ అడవిలో శ్రీశైలం రోడ్డును రాత్రిళ్లు మూసేయడమే తెలిసినవారికి ఇది వింతే.

మొదటి రాత్రి బస లేక్ లూయీజ్ క్యాంపులో. గుడారాలు వేసుకునేవారి భాగానికి చుట్టూ విద్యుత్ కంచె ఉంది. వ్యాన్ల భాగానికి లేదు. గట్టి గోడలున్న బండే చాలు రక్షణకని లెక్క. అయితే వాసన వచ్చేదేదీ బయట ఉంచకూడదు. వంట పాత్ర, నూనె సీసా, చివరికి టూత్‌పేస్టు కూడా. ఆమె చెక్కబల్ల మీద అన్నం వార్చి, పక్కనే ఆవకాయ సీసా పెట్టి నీళ్లకని పంపు దగ్గరికి వెళ్లారు. ఆయన వ్యాను లోపల ఉన్నారు. ఆమె తిరిగొచ్చేసరికి గస్తీకొచ్చిన పార్కు ఉద్యోగిని బల్ల పక్కన నిలబడి ఉంది. కోప్పడలేదు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటికి మనుషులంటే భయం పోతుందనీ, చివరికి దాన్ని కాల్చేయాల్సి వస్తుందనీ చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత ప్రయాణమంతా ఆవకాయ సీసా రెండు కవర్లలో చుట్టి, బీరువాలో తాళం వేసినట్టే ఉంది.

క్యాంపర్‌వ్యాను అంటే నచ్చినచోట ఆగి పడుకోవచ్చని ఇద్దరూ అనుకున్నారు. అద్దె ప్రకటనల్లో బొమ్మలు అలాగే ఉంటాయి. నిజానికి పార్కులో క్యాంపు దాటి ఎక్కడా రాత్రి ఆపకూడదు. ఆ బొమ్మల్లో తరచూ కనిపించే మొరైన్ సరస్సుకైతే 2023 నుంచి సొంత వాహనాలనే రానివ్వడం లేదు, బస్సెక్కి పోవాల్సిందే.

మర్నాడు ఎక్కిన ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మాత్రం బొమ్మలకేమీ తీసిపోలేదు. లేక్ లూయీజ్ నుంచి జాస్పర్ ఊరి దాకా 232 కిలోమీటర్ల దారి. 1930ల ఆర్థిక మాంద్యంలో పనుల్లేనివారికి కూలి చూపడానికి మొదలుపెట్టి, 1940లో తెరిచారు. మధ్యలో పెట్రోలు బంకు ఒక్కటే. చాలా మేర ఫోను పనిచేయదు. బో సరస్సు, 2 వేల మీటర్లు దాటిన కనుమ, దాని కింద పేటో సరస్సు. ఆ నీటికి రంగు కలిపారా అన్నట్టుంటుంది. హిమానీనదం రాతిని నూరగా వచ్చిన మెత్తటి పిండి నీటిలో తేలి, దాని మీద వెలుగు పడి ఆ రంగు వస్తుంది.

ఇక్కడ రోడ్డుకు కంచె లేదు. ఒక మలుపులో ఏడెనిమిది కార్లు ఆగి ఉన్నాయి. పొదల్లో పళ్లు తింటున్న నల్ల ఎలుగుబంటి. దానికి 100 మీటర్ల దూరంలో ఉండాలన్నది నిబంధన. కొందరు ఫోన్లు పట్టుకుని కిందికి దిగి ముప్ఫయి అడుగుల దాకా వెళ్లారు. ఆయన కూడా తలుపు మీద చెయ్యి వేశారు. "పోనివ్వండి" అన్నారామె. పోనిచ్చారు. ఆ ఎలుగుబంటి ఫొటో వాళ్ల దగ్గర లేదు.

రెండో రాత్రి విల్‌కాక్స్ క్యాంపు, సుమారు 2 వేల మీటర్ల ఎత్తులో. ముందు వచ్చినవారికే చోటు. కరెంటు లేదు. చలికి హీటరు పెట్టుకుని పడుకున్నారు. హీటరుకు మంట గ్యాస్‌తోనే అయినా, వేడిగాలి తోసే ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుందని వాళ్లకు తట్టలేదు. తెల్లవారుజామున మూడింటికి బ్యాటరీ ఖాళీ. ఇంజను స్టార్ట్ చేస్తే సరిపోయేది. కానీ ఉదయం ఏడు దాకా అక్కడ నిశ్శబ్దం పాటించాలి, పక్కనే గుడారాల్లో పిల్లలున్నారు. కిటికీ కొంచెం తెరిచి, లైటరుతో పొయ్యి వెలిగించి టీ పెట్టుకున్నారు. రెండు దుప్పట్లలో ముడుచుకుని కూర్చున్నప్పుడు వచ్చింది ఇంటి మాట. ఇల్లు అమ్మడం తనకిష్టం లేదని ఆమె అన్నారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. బిడ్డ దగ్గరికి పోవాలని ఆమెకే ఉందేమోనని, అందుకే ఇన్నాళ్లూ వద్దనలేకపోయానని చెప్పారు. ఆమె కూడా ఆయన గురించి సరిగ్గా అదే అనుకుంటున్నారు.

తెల్లారాక ఎదుట అథబాస్కా హిమానీనదం. ఇది జారి వచ్చే కొలంబియా మంచు మైదానం నుంచి నీళ్లు మూడు దిక్కులకు పారి పసిఫిక్, ఆర్కిటిక్, అట్లాంటిక్ సముద్రాలను చేరతాయి. గత 125 ఏళ్లలో ఈ నాలుక ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా వెనక్కి జరిగింది. మంచు అంచు ఏ ఏడాది ఎక్కడుందో చెప్పే గుర్తులు నడకదారిలో పాతారు. ఎక్కువమంది తమ పుట్టిన ఏడాది కోసం వెతుకుతారు. వీళ్లు 1992 దగ్గర ఆగారు. తమ పెళ్లినాటికి మంచు ఇక్కడ ఉంది. ఇప్పుడు కాళ్ల కింద రాళ్లు, బూడిదరంగు బురద. అసలు మంచును చేరాలంటే ఇంకా చాలా దూరం. ఆయన గుర్తు పక్కన నిలబడితే ఆమె ఫొటో తీశారు, తర్వాత ఆమె నిలబడ్డారు. ఇద్దరినీ కలిపి తీసేందుకు అంత పొద్దున్నే అక్కడ మరెవరూ లేరు.

జాస్పర్ దగ్గరపడుతుంటే కొండలకు కొండలే నల్లగా మారాయి. 2024 జులై 22 రాత్రి ఈ పార్కునూ, ఊరినీ ఖాళీ చేయమన్నారు. సుమారు 25 వేల మంది కదిలారు. 24న మంటలు ఊళ్లోకి వచ్చాయి. 358 కట్టడాలు, అంటే ఊళ్లో మూడో వంతు, కాలిపోయాయి. అంతకు ముందే పైన్ చెట్లను పురుగు తినేసి ఎండబెట్టి ఉంచింది. ఏడాది గడిచాక వీధుల్లో ఖాళీ స్థలాలు, వాటి మధ్య కొత్తగా లేస్తున్న ఇళ్ల చట్రాలు. అడవి నేల మాత్రం ఖాళీగా లేదు. కాలిన మోళ్ల మధ్య గులాబీ రంగు ఫైర్‌వీడ్ పూలు. నిప్పు వేడికే కాయలు విచ్చుకునే జాతి ఇక్కడి లాడ్జ్‌పోల్ పైన్, దాని మొలకలూ కనిపిస్తాయి. నెల తిరక్కుండానే బతుకమ్మ. ఆమె చెయ్యి పూల మీదికి పోయి ఆగింది. పార్కులో పువ్వు కోయకూడదు.

ఊళ్లోకి రాగానే ఫోనుకు ప్రాణం వచ్చింది. కూతురి మెసేజీలు ఏడు. బాగుందా, చలి పెడుతోందా, తిన్నారా. బాగుందని, తిన్నామని జవాబిచ్చారు. బ్యాటరీ సంగతి కూడా రాశారు. ఇంటి సంగతి భోజనం దగ్గర కూర్చుని చెప్పాలి గానీ ఫోనులో కాదనుకున్నారు. ఈలోగా క్యాంపులో మురుగు ట్యాంకులు ఖాళీ చేయాలి. ఇంట్లో తాగిన కాఫీ కప్పు ఏనాడూ కడగని మనిషి చేతికి రబ్బరు గ్లోవులు తొడుక్కుని, నల్లటి గొట్టం లాగి, ముందు ఏ వాల్వు తిప్పాలని ఆమెను అడిగారు. ఆమె కాగితం చూసి చెప్పారు.