ఏ ఫ్లాష్ కొనాలో రిపేరు బల్ల దగ్గర

హైదరాబాద్ కోఠీలో కెమెరా దుకాణాల మధ్య ఒక ఇరుకు మెట్లదారి ఉంది. పైకెళ్తే ఒకటే గది, ఒకటే బల్ల, దాని నిండా విప్పి పెట్టిన ఫ్లాష్‌లు. నల్గొండలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మా మేనల్లుడికి ఫ్లాష్ కొనాలి. దుకాణంలో అడిగితే కొత్తవి చూపిస్తారు. ఏది ఎందుకు పాడవుతుందో తెలిసేది మాత్రం రిపేరు చేసే మనిషికే. అందుకే వాణ్ని ముందు ఇక్కడికి తీసుకొచ్చాను.

"పెళ్లిళ్లకా తమ్ముడూ?" అన్నాడాయన తల ఎత్తకుండానే. "అయితే పవర్ సంగతి తర్వాత. ముందు వేడి సంగతి చూడు."

చేతిలో ఉన్న ఫ్లాష్ మూత తీసి, ముందుగా కెపాసిటర్ రెండు కాళ్లకూ ఒక బల్బు తీగలు ఆనించాడు. బల్బు చటుక్కున వెలిగి ఆరిపోయింది. బ్యాటరీలు తీసేసినా అందులో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునే కుర్రాళ్లకు ఈ ముక్క గట్టిగా చెప్పాలి. తర్వాత ఫ్లాష్ తల విప్పాడు. ముందుండే ప్లాస్టిక్ పలక లోపలివైపు గోధుమరంగుకు మాడి, మధ్యలో ఉబ్బి ఉంది. దాని వెనక సన్నటి జినాన్ గొట్టం రెండు చివర్లా నల్లబడింది. ఊపిరాడనివ్వకుండా ఫుల్ పవర్‌లో కొడితే జరిగేది ఇదే.

ఫుల్ పవర్‌లో ఎందుకు కొడతారు? ఫంక్షన్ హాల్ పైకప్పు ఎత్తుగా ఉంటుంది. వెలుగును దానికి కొట్టించి కిందికి రప్పించాలనుకుంటారు, ఐఎస్ఓ మాత్రం 400 దాటనివ్వరు. అదే ఐఎస్ఓ 1600కి పెంచితే ఫ్లాష్ నాలుగో వంతు పవర్ ఇస్తే సరిపోతుంది. ఇప్పటి కెమెరాల్లో 1600కి వచ్చే నాయిస్ పెళ్లి ఆల్బంలో ఎవరికీ కనిపించదు. నన్నడిగితే, డబ్బు ఖర్చు లేకుండా ఫ్లాష్ ఆయుష్షు పెంచే ఉపాయం ఇంతకు మించింది లేదు.

ఫ్లాష్ ఎంత బలమైందో చెప్పడానికి డబ్బా మీద రాసే గైడ్ నంబర్‌ని మావాడు బాగా నమ్మాడు. అది ఎక్కువ జూమ్ దగ్గర కట్టిన లెక్క. కెనాన్ 600ఈఎక్స్‌నే తీసుకుంటే 200 మి.మీ. దగ్గర 60, 35 మి.మీ. దగ్గరికొస్తే 36. మండపం మీద మనం నిలబడేది ఆ 35 దగ్గరే.

అసలు పరీక్ష తలంబ్రాలప్పుడు. ఇద్దరూ పోటీపడి పోసుకుంటారు, మన కోసం ఎవరూ ఆగరు. ఫ్లాష్ మళ్లీ నిండటానికి పట్టే సమయమే అక్కడ ప్రాణం. మంచి రీఛార్జబుల్ ఏఏ సెల్స్ వేసిన గొడాక్స్ టీటీ685 ఫుల్ పవర్ తర్వాత సుమారు రెండున్నర సెకన్లు తీసుకుంటుంది. లిథియం బ్యాటరీతో నడిచే వీ860 రకానికి ఒకటిన్నర చాలు. వినడానికి ఒక్క సెకను తేడా, కానీ దోసిలి ఎత్తడం, పోయడం రెండూ ఆ సెకనులోనే అయిపోతాయి.

ఇంకో చిక్కు మధుపర్కాలు. వధూవరులిద్దరూ తెల్లబట్టల్లో ఉంటే, వెలుగును తనంతట తానే కొలిచి సర్దే టీటీఎల్ మోసపోతుంది. తెలుపు చూసి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, మొహాలు నల్లగా వస్తాయి. ఫ్లాష్ కాంపెన్సేషన్ ఒక స్టాప్ దాకా పెంచుకోవాలి. అలాగని టీటీఎల్ వద్దనకూడదు. క్షణక్షణానికీ దూరం మారే చోట అదే దిక్కు. గొడాక్స్‌లోనే టీటీ600 చవక, గట్టిది, కానీ అందులో టీటీఎల్ లేదు. దాన్ని స్టాండు మీద పెట్టి, రేడియోతో వెలిగించే రెండో ఫ్లాష్‌గా వాడుకోవాలి.

ఆయన సలహా కూడా అదే దారిలో సాగింది: కెమెరా కంపెనీ పేరున్న పెద్ద ఫ్లాష్ ఒకటి కొనే డబ్బుతో ఇలాంటివి రెండు కొనుక్కో, రెండూ ఒకే రకం రేడియోతో పనిచేయాలి. "ఒకటి పోయినా పెళ్లి ఆగదు కదా" అన్నాడు. నాకు నచ్చింది ఈ మాటే. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం.

అల్మరాలోంచి పాత వివిటార్ 283 తీసి ఇస్తాడేమోనని మావాడు ఆశగా చూశాడు. ఆయన ఇవ్వలేదు, మల్టీమీటర్ పెట్టి చూపించాడు. ట్రిగ్గర్ వోల్టేజి 200 దాటింది. అంత వోల్టేజిని తట్టుకోలేని డిజిటల్ కెమెరాలు చాలా ఉన్నాయి, తగిలిస్తే సర్క్యూటే పోవచ్చు. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు రెండు చూడాలి: ఈ వోల్టేజి, పలక వెనక మాడిన మచ్చ.

వీ860 ఒకటి, టీటీ600 ఒకటి తీసుకున్నాం. సీజన్ లేని నెలల్లో బీరువాలో పెట్టి మర్చిపోవద్దని, నెలకోసారి పదిసార్లైనా కొట్టమని ఆయన మావాడికి చెప్పాడు. అలా వదిలేస్తే కెపాసిటర్ పట్టు తప్పుతుందట.