పెనం తరుగు

బెల్లం పెనంలో ఇనుము ఎంత వేగంగా కరుగుతుందో గానుగ దగ్గరే కొలిచి చూద్దామన్నారు ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు. ఆయనతో కలిసి రావికమతం నుంచి కల్యాణపులోవ వైపు పోయే దారిలో ఒక గానుగకు వెళ్లాను. అనకాపల్లి మార్కెట్‌కు వెళ్లాల్సిన దిమ్మలు ఓ పక్క ఆరుతున్నాయి. పొయ్యి మీద రసం మరుగుతోంది, ఒకతను పైకి తేలిన మడ్డి తీసి పారబోస్తున్నాడు. మాస్టారు పాకలో నులకమంచం మీదే సరంజామా సర్దారు: చేతిలో ఇమిడే పొటెన్షియోస్టాట్, ల్యాప్‌టాప్, గాజు బీకరు, వైర్లు.

ఇనుప ముక్కను తూచి, రసంలో ముంచి, నెలల తర్వాత తుప్పు వదలగొట్టి మళ్లీ తూచడం పాత పద్ధతి. ఈ పొటెన్షియోస్టాట్ పెట్టెకు నిమిషాలు చాలు. పెనం రేకులోంచి కత్తిరించిన ముక్కను మాస్టారు గరుకు కాగితంతో రుద్దారు. ఒక చదరపు సెంటీమీటరు మాత్రం వదిలి మిగతాదంతా గోళ్ల రంగు పూసి మూసేశారు. రసం తగిలే విస్తీర్ణం కచ్చితంగా తెలియకపోతే లెక్కంతా వృథా. ముక్కతో పాటు ఒక గ్రాఫైటు కడ్డీ, ఒక వెండి-వెండి క్లోరైడు ఎలక్ట్రోడు పచ్చి రసంలోకి దిగాయి.

తిరకాసంతా ఇక్కడే ఉంది. ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది. రసంలోని ఆక్సిజన్, ఆమ్లాలు అక్కడికక్కడే వాటిని అందుకుంటాయి. ఇచ్చినదీ పుచ్చుకున్నదీ సమానం కాబట్టి బయట కరెంటు మీటరు పెట్టినా సున్నాయే. లోపల మాత్రం లోహం తరుగుతూనే ఉంటుంది. అందుకే ఆ సమతూకాన్ని కాస్త కదుపుతారు, అటు పది మిల్లీవోల్టులు, ఇటు పది. దానికి కరెంటు ఎంత కదిలిందో చూస్తే నిరోధం తెలుస్తుంది. నిరోధం పెరిగితే తుప్పు తగ్గినట్టు. ఈ సంబంధాన్ని సూత్రంగా చెప్పినవాళ్లు స్టెర్న్, గేరీ, 1957లో. సూత్రంలో వాడే స్థిరాంకానికి ఆధారం అంతకు ముందు 1905లో టాఫెల్ ఇచ్చిన సమీకరణం. ఆ స్థిరాంకాన్ని విడిగా కొలవకుండా పుస్తకంలోని అంకె వేసేసుకునే అలవాటు చాలామందికి ఉంది. నాకది నచ్చదు, ఫలితం సగానికో రెట్టింపుకో జరగొచ్చు.

ఆ తర్వాత కరెంటును లోహపు తరుగుగా మార్చే ఫారడే లెక్క సులువే. ఇనుముకు చదరపు సెంటీమీటరుకు ఒక మైక్రోఆంపియర్ అంటే ఏడాదికి సుమారు 11.6 మైక్రోమీటర్ల తరుగు. అది పదైతే మిల్లీమీటరులో పదో వంతు దాటుతుంది.

పచ్చి చెరకు రసం పీహెచ్ 5 దాటి కొంచెం ఉంటుంది, అందులో ప్రధానమైనది అకోనిటిక్ ఆమ్లం. సున్నపు తేట కలిపి మళ్లీ కొలిస్తే తెర మీద కరెంటు గీత వాలు తగ్గింది, అంటే నిరోధం పెరిగింది. రసం తేటపడాలని రైతులు వేసే సున్నం పెనానికీ మేలు చేస్తోందన్నమాట.

రైతు ఇదంతా చూసి ఒప్పుకోలేదు. "పాకం పడతన్నప్పుడు పెనానికేటీ అవదు మాస్టారూ. సీజనైపోయి ఖాళీగా పడుంటేనే తినేస్తాది."

మాస్టారు వెంటనే అవునన్నారు. మరిగేటప్పుడు రసంలో కరిగిన ఆక్సిజన్ చాలావరకు వెళ్లిపోతుంది. వానాకాలంలో అంటుకుని మిగిలిన తీపి జిగురు తేమ లాగుతుంది, ఆ పల్చని పొరలోకి గాలి ఎడాపెడా చేరుతుంది. బీకరులో వచ్చిన అంకె ఆ పొరకు చెల్లదు, అంత పల్చటి చోట మూడు ఎలక్ట్రోడ్లు ఇమడ్చడమూ కష్టం. పైగా పెట్టె ఇచ్చేది సగటు. రైతు చూపించిన పాత పెనం సగటున బాగానే ఉంది, కారింది మాత్రం వెల్డింగు అతుకు పక్కనున్న చిన్న గుంట దగ్గర.

కాబట్టి తూకమే గతి. మాస్టారు రెండు ముక్కలకు నంబర్లు కొట్టి, చిన్న త్రాసులో తూచి రాసుకున్నారు. రెండిటికీ పాకం పూసి కడిగి, ఒకదానికి నూనె రాసి, రెంటినీ వచ్చే సీజను దాకా పాకలో వేలాడదీయమన్నారు. రైతు నూనె రాసిన ముక్క ఒక్కటే తీసుకున్నాడు.

"రెండోది దేనికండీ, నా పెనం ఉంది కదా."