వ్రాతపలక

చేతిపనికిని చదువునకును దగ్గఱి చుట్టఱికము కలదు. బలపము పట్టినవాని పలకను ముందుగా మఱియొక చేయి చిత్రిక పట్టినదే గదా! కోవిల్‌పట్టిలోని మా యింటి వసారాలో కొంతకాలముగా మేము చేయుచున్న పని యీ చుట్టఱికమునకు సంబంధించినదే. పిల్లలు పరీక్ష ప్యాడు అని పిలుచు వ్రాతపలకలను మేము చెక్కతో చేయుచున్నాము. అంగడిలో అట్టతో చేసినవి చవుకగానే దొరకును. కాని తడి తగిలినచో నవి యుబ్బి పొరలు లేచును.

మా సీమకు చెక్కపని క్రొత్త కాదు. కోవిల్‌పట్టి మొదలు సాత్తూరు మీదుగా విరుదునగరము వఱకు నున్నది వానకు మొగము వాచిన నల్లరేగడి నేల. 1923లో శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలైన పిదప ఆ పని చుట్టుపట్ల నూళ్ల యిండ్లలోనికిని వచ్చెను. పలుచని చెక్కపొరను మడచి, కాగితమంటించి పెట్టెలు చేయుట ఎందఱో యాడువారికి ఇంటిపట్టున దొరికిన కూలి. ఇప్పుడు చెక్కపొర స్థానమున అట్ట వచ్చినది. వసారాయే కార్ఖానా యగుట మాత్రము ఈ ప్రాంతమువారి కలవాటే.

పలక చేయుటలో మొదటి చిక్కు చెక్క స్వభావము. చెక్క నార వెంట దాదాపుగా పెరుగదు; నారకు అడ్డముగా మాత్రము తేమకు ఉబ్బును, ఎండకు కుదియును. అందుచేత పలుచని మానుచెక్క ఐప్పసి కార్తీకముల వానలకొక తీరుగను, చిత్తిర యెండలకొక తీరుగను వంగును. ప్లైవుడ్డులో నొక పొర నార నిలువుగను, మఱుసటి పొర నార అడ్డముగను ఉండును. పొరలు సాధారణముగా బేసి సంఖ్యలో నుండుటచే ఇరువైపుల లాగుడు సరితూగి పలక చదునుగా నిలుచును.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల షీటునుండి 13 అంగుళముల పొడవు, 9 అంగుళముల వెడల్పు గల పలకలు 35 వచ్చును. గీత గీసినచోట ముందు కత్తితో గాటు పెట్టి పిమ్మట సన్నపండ్ల రంపముతో కోసినచో అంచు చీలదు. అంచును చిత్రిక పట్టునప్పుడు ఇరుకొనలనుండియు నడిమికి రావలెను. ఒకే వైపునుండి తోసినచో చివర పెచ్చు లేచును. మూలలను ఆకురాతితో గుండ్రముగా చేసి, ఉప్పుకాగితముతో నార వెంటనే రుద్దవలెను. అంచులకు రెండు పూతలు ఎక్కువ లక్క పాలిషు వేయుదుము, తేమ మొదట చొరబడునది యచ్చటనే కనుక. చివరకు రెండు తూట్లు పొడిచి, క్లిప్పును రివెట్లతో బిగింతుము.

మా మనుమడు సెలవుదినములందు పనికి తోడు వచ్చును. ఒకనాడు చిత్రికను చేతబట్టి, “తాతా, దీన్ని మన బాసలో ఏమంటారు?” అని యడిగెను. వాడెఱిగిన పేరు ఇళైప్పుళి. మిగిలిన పనిముట్ల విషయమున ఆ చిక్కు లేదు. మన ఉలి తమిళమునను ఉళియే. రంపము రంబమైనది, సుత్తె సుత్తియలైనది. అక్కచెల్లెండ్ర మొగములవలె పోలికలు తెలియుచునే యున్నవి. చిత్రిక యొక్కటియే వేఱు. ఆ మాటను మేము చెప్పకపోయినచో మా యింట దానిని చెప్పువారు లేరు. వాడు తెలుగు మాటలాడును; చదువలేడు. మన యిండ్లలో నేడు పెక్కుమంది పిల్లల స్థితి యిదియే.

2006లో వచ్చిన చట్టము ననుసరించి, 2006-07 విద్యాసంవత్సరమున నొకటవ తరగతితో మొదలై ఏటేట పై తరగతులకు సాగి, పదవ తరగతి వఱకు తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. తమిళము మాకు పరాయిది కాదు. ఇరుగుపొరుగు భాష, అన్నము పెట్టిన భాష. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగింటి బిడ్డయే. తెలుగువారు దక్షిణమునకు వలస వచ్చిన కథను ‘గోపల్లగ్రామము’ అను నవలగా 1976లో వెలువరించినది ఆయనయే, వ్రాసినది తమిళమున. దాని తరువాతి కథకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. మన పెద్దల కథ తమిళమున వెలుగుట గర్వకారణమే. కాని వీలునామానో, తాత వ్రాసిన జాబునో, పెండ్లి శుభలేఖనో చదువుటకు ఇంట నొక్కరైనను మిగులవలదా? బడి చేయలేనిది ఇల్లు చేయవలెను.

షీటు నుండి పలకలు కోయగా ఒకవైపు నాలుగంగుళములకు పైగాను, మఱియొకవైపు రెండంగుళములకు పైగాను బద్దలు మిగులును. పొయ్యిలోనికి పోవలసిన యా బద్దలను రెండంగుళముల చదరపు బిళ్లలుగా కోసి, ఒక్కొక్క దానిపై ఒక్కొక్క యక్షరము వ్రాయుచున్నాము. ఒక షీటు మిగులుతోనే వర్ణమాలలోని 56 అక్షరములకును బిళ్లలు చాలును. మనుమడు మొదట కూర్చిన మాట అమ్మ కాదు, ఆవు కాదు, చిత్రిక. త్రకారమునకు వలసిన క్రావడి బిళ్ల లేనందున దానికొక చిన్న ముక్కను వాడే కోసికొనెను.

ఇప్పుడు పలకకు పగటివేళ బడి కాగితము, సాయంకాలము ఒక్క తెలుగు కాగితము తగిలించుట మా యింటి కట్టడి. క్లిప్పునకు లిపిభేదము లేదు. రెంటిని నొకే పట్టున పట్టును. చదువరులలో నెవరి యింటనైనను నొక రంపమును, ఒక వసారాయు, అక్షరము తెలిసిన పెద్ద యొక్కరును ఉన్నచో ఈ పని కింకేమియు నక్కఱలేదు.